పన్నెండు గంటల గీత

దక్షిణాఫ్రికాలో సాయంత్రం ఐదున్నర అయితే మనకు రాత్రి తొమ్మిది. జూన్‌లో ఒక ఆదివారం రాత్రి ఆ వేళకు మేము ఇళ్లలో ఫోన్ల ముందు కూర్చుని ఒక పరుగు పందెం ముగింపు చూశాం. మర్నాడు ఆఖరి పీరియడ్‌లో అందులోని చివరి పది నిమిషాలు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు చూపించాం. పాఠం చెబుదామని కాదు. మా బడిలో అంతకు ముందు జరిగిన ఒక పొరపాటు మమ్మల్ని తొలుస్తోంది కాబట్టి.

మా బడి బళ్లారి వైపు ఒక ఊళ్లో ఉంది. ఊరి చుట్టూ కన్నడం, బడి లోపల తెలుగు. జనవరి 26న ఆటల పోటీల్లో చెరువు గట్టు మీదుగా రెండు కిలోమీటర్ల పరుగు పెట్టాం. మొదటి ముగ్గురూ వచ్చేశారు. పేర్లు రాసుకున్నాం, రిబ్బను చుట్టేశాం, బిస్కెట్ల డబ్బా తెరిచాం. తర్వాత వచ్చినవాళ్లు వచ్చినట్టే పిల్లల గుంపులో కలిసిపోయారు. చాలాసేపటికి ఏడో తరగతి అమ్మాయి ఒకతె గట్టు దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది. సున్నపు గీత అప్పటికే కాళ్ల కింద పడి చెరిగిపోయింది. ఆ పిల్ల అటూ ఇటూ చూసి, "సార్, నేను ఎక్కడ ఆగాలి?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్నకు ఓపిగ్గా జవాబు ఇచ్చే పందెం ఒకటి ఉందని మాకు తర్వాత తెలిసింది. దాని పేరు కామ్రేడ్స్ మారథాన్. దక్షిణాఫ్రికాలో సముద్రపు ఒడ్డున ఉన్న డర్బన్‌కు, లోపల కొండల్లో సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్న పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కు మధ్య జరుగుతుంది. దారి దాదాపు 90 కిలోమీటర్లు. అంటే మామూలు మారథాన్ రెండుసార్లు పరుగెత్తి, ఇంకా కొంచెం. మామూలుగా ఒక ఏడాది డర్బన్ నుంచి పైకి, మరుసటి ఏడాది పీటర్‌మారిట్జ్‌బర్గ్ నుంచి కిందికి. కిందికి అంటే సులువనుకుంటాం గానీ, పరుగెత్తినవాళ్లు ఆ మాట ఒప్పుకోరు. గంటల తరబడి దిగుతూ ఉంటే తొడలు పట్టేస్తాయి, మర్నాడు మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి దిగాల్సిందే అంటారు.

కామ్రేడ్ అనగానే మనకు ఎర్రజెండా గుర్తొస్తుంది. ఇక్కడ ఆ మాటకు తోటి సైనికుడని అర్థం. విక్ క్లాపమ్ అని ఒకాయన రైలింజను డ్రైవరు. మొదటి ప్రపంచ యుద్ధంలో తూర్పు ఆఫ్రికాలో పోరాడిన దళంలో ఉన్నాడు. ఆ దళం వేడిలో, జ్వరాల్లో 2,700 కిలోమీటర్ల దాకా నడిచింది. ఇంటికి రాని తోటివాళ్లకు రాతి స్తంభం కాకుండా వేరే గుర్తు ఏదైనా ఉండాలనుకున్నాడు. తాము పడిన కష్టాన్ని ఒంటితో గుర్తు చేసుకోవాలన్నాడు. మాజీ సైనికుల సంఘం ఇది పిచ్చి పని అని మొదట కాదంది. చివరికి ఒప్పుకుని ఖర్చులకు ఒక్క పౌను ఇచ్చింది, అదీ తిరిగి ఇచ్చెయ్యాలన్న షరతు మీద. 1921 మే 24న 34 మంది బయలుదేరారు. 16 మంది చేరారు. గెలిచిన బిల్ రోవన్‌కు 8 గంటల 59 నిమిషాలు పట్టింది. ఇప్పటివాళ్లు అయిదున్నర గంటల లోపే గెలుస్తున్నారు. 2023లో టేటే డిజానా 5 గంటల 13 నిమిషాల 58 సెకన్లలో దిగేశాడు. గెలిచిన మగవాళ్లలో అందరికంటే నిదానం అయినవాడు ఆ మొదటి రోవనే. అయినా తొమ్మిది గంటల లోపు చేరినవాళ్లందరికీ ఈనాటికీ ఇచ్చే పతకం ఆయన పేరు మీదే ఉంది.

మమ్మల్ని పట్టుకున్నది ఈ పతకాల లెక్క. బంగారు పతకం మొదటి పదిమందికి. అక్కడి నుంచి స్థానాలు లేవు, గడియారమే. ఏడున్నర గంటల లోపు వస్తే వెండి. తొమ్మిది లోపు రోవన్ పతకం, పది లోపు ఒకటి, పదకొండు లోపు కంచు, పన్నెండు లోపు వస్తే క్లాపమ్ పేరు మీద రాగి. మనిషి ఎన్నో స్థానంలో వచ్చాడన్నది ఎవరూ అడగరు. పద్దెనిమిది వేలవాడైనా సరే, పన్నెండు గంటల లోపు గీత దాటితే అతను కామ్రేడ్స్ పూర్తి చేసినవాడే. పతకం కూడా చిన్నదే. మన బళ్లలో మూడడుగుల ప్లాస్టిక్ కప్పులు పంచుతున్న ఈ రోజుల్లో దాన్ని చూపిస్తే మా పిల్లలు నవ్వారు.

పందెం మొదలయ్యేది చీకట్లో, తెల్లవారకముందే. ముందు షోషోలోజా పాట పాడతారు. జింబాబ్వే వైపు నుంచి దక్షిణాఫ్రికా గనుల్లో పనికి రైలెక్కి వచ్చిన వలస కూలీల పాట అది. ఆ తర్వాత కోడి కూస్తుంది. నిజమైన కోడి కాదు. 1948లో మాక్స్ ట్రింబోర్న్ అనే పరుగుగాడు కోడిలా కూశాడు. అందరికీ నచ్చింది, ఏటా కూయమన్నారు. ఆయన పోయాక రికార్డు చేసిన కూత వేస్తున్నారు. కోడి కూశాకే తుపాకీ పేలుతుంది. మా పిల్లలు మొత్తం వీడియోలో ఎక్కువసార్లు మళ్లీ పెట్టమన్నది ఈ కూతే.

దారిలో పేరున్న కొండలు అయిదు. పైకి వెళ్లే ఏడాది వరసగా కౌవీస్, ఫీల్డ్స్, బోథాస్, ఇంచాంగా, చివర్న పోలీ షార్ట్స్. పోలీ షార్ట్స్ వచ్చేసరికి ఒంట్లో ఎనభై కిలోమీటర్ల అలసట ఉంటుంది. గెలవడానికి వచ్చినవాళ్లు కూడా అక్కడ నడిచిన సందర్భాలున్నాయి. దారి పొడవునా బోర్డుల మీద ఎంత వచ్చామో రాయరు, ఇంకా ఎంత మిగిలిందో రాస్తారు. మొదటి బోర్డే ఎనభై ఎన్నో అని చూపిస్తుంది. లెక్కల టీచరుగా మాలో ఒకరికి ఇది భలే నచ్చింది. మిగతావాళ్లకి మాత్రం అది చూడగానే గుండె జారింది.

దారి మధ్యలో బోథాస్ హిల్ దాటాక రోడ్డు పక్కన గట్టులో తొలిచిన ఒక చిన్న గూడు ఉంది. ఆర్థర్ న్యూటన్ ఆసనం అంటారు. ఈయన రైతు. తన పొలం విషయంలో ప్రభుత్వం అన్యాయం చేసిందని నమ్మాడు. పరుగులో పేరొస్తే తన గోడు జనం వింటారనుకుని నలభై ఏళ్ల దగ్గర్లో పరుగు మొదలుపెట్టాడు. ఈ పందెం అయిదుసార్లు గెలిచాడు. పొలం గొడవలో గెలుపు అంత తేలిగ్గా రాలేదనుకోండి, అది వేరే కథ. ఇప్పటికీ అటు వెళ్లేవాళ్లు ఆ గూట్లో ఒక పువ్వు పెట్టి, ఆయనకు నమస్కారం చెప్పి ముందుకు పోతారు. అలా చెబితే రెండో సగం బాగా సాగుతుందని నమ్మకం.

ఇంకొంచెం ముందుకు, ఇంచాంగా దగ్గర ఎథెంబేని బడి ఉంది. నడవలేని పిల్లలు, చూపు సరిగా లేని పిల్లలు చదువుకునే బడి అది. పందెం రోజున ఆ పిల్లలు చక్రాల కుర్చీల్లో, ఊతకర్రలతో రోడ్డు పక్కన బారులు తీరి చేతులు చాస్తారు. పరుగెత్తేవాళ్లు రోడ్డు వదిలి పక్కకు వచ్చి ఒక్కొక్క చేయీ తాకుతూ పోతారు. సెకన్లు లెక్కపెట్టుకునేవాళ్లు కూడా అక్కడ కాస్త నెమ్మదిస్తారు. సగం దారి దాటిన ఆ చోట కళ్లనీళ్లు పెట్టుకోని మనిషి తక్కువని ఎంతోమంది రాసుకున్నారు.

వెనక వచ్చేవాళ్ల సంగతి వేరే. వాళ్లు ఒంటరిగా రారు, బస్సుల్లో వస్తారు. బస్సు అంటే చక్రాల బస్సు కాదు. పదకొండు గంటల్లోనో, పన్నెండు లోపునో చేరుస్తానని అనుభవం ఉన్న ఒకరు ముందుంటారు. ఆయనే డ్రైవరు. ఏ కొండ ఎక్కడ నడవాలి, ఎక్కడ నుంచి మళ్లీ పరుగెత్తాలి, నీళ్ల బల్ల దగ్గర ఎంతసేపు ఆగాలి అన్నీ ఆయనకు లెక్క. వెనక వందల మంది ఒకే అడుగుతో, పాట పాడుతూ నడుస్తారు. డ్రైవరు తలచుకుంటే ఒంటరిగా గంట ముందే చేరగలడు. చేరడు. ఎవరో తెలియని మూడు వందల మందిని గీత దాటించడమే ఆయన పందెం. మా తెలుగు సెక్షన్‌లో వెనక బెంచీ పిల్లలతో సాయంత్రాలు కూర్చునే టీచరు ఒకరున్నారు. ఆవిడకి ఈ సంగతి చెబితే, "అయితే నేనూ డ్రైవరునే కదా" అన్నారు.

గీత మాత్రం అందరికీ మొదటి నుంచీ తెరిచి లేదు. ఈ మాట దాచి కథ చెబితే అబద్ధం అవుతుంది. యాభై ఏళ్లకు పైగా ఈ పందెం తెల్లజాతి మగవాళ్లదే. 1923లో ఫ్రాన్సెస్ హేవర్డ్ అనే ఆవిడ పేరు ఇస్తే తీసుకోలేదు. అయినా పరుగెత్తింది, 11 గంటల 35 నిమిషాల్లో చేరింది. పతకం ఇవ్వడానికి నియమాలు ఒప్పుకోకపోతే చూసినవాళ్లు, తోటి పరుగుగాళ్లు చందా వేసుకుని వెండి టీ పాత్రలు కొనిచ్చారు. 1935లో రాబర్ట్ ఎమ్‌చాలి అనే నల్లజాతి వ్యక్తి 9 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేశాడు. ఫలితాల పట్టికలో ఆయన పేరు లేదు. స్త్రీలకు, నల్లవాళ్లకు, మిగతా జాతులవాళ్లకు అధికారికంగా తలుపు తెరిచింది 1975లో. నల్లజాతి మనిషి మొదటిసారి గెలిచింది 1989లో, పేరు శామ్ షబలాల. ఇక ఎమ్‌చాలి పేరు మీద పతకం పెట్టింది 2019లో. పది గంటల లోపు చేరినవాళ్లకు ఇచ్చే పతకం అదే. ఆయన పరుగెత్తిన 84 ఏళ్లకు.

మధ్యలో 1981లో ఇంకొకటి జరిగింది. వర్ణవివక్ష ప్రభుత్వం తన రిపబ్లిక్ ఇరవై ఏళ్ల సంబరాల్లో ఈ పందేన్ని కలిపేసుకుంది. బ్రూస్ ఫోర్డైస్ అనే విశ్వవిద్యాలయం కుర్రాడు దానికి నిరసనగా చేతికి నల్ల పట్టీ కట్టుకుని పరుగెత్తాడు. దారిలో కొందరు టమాటాలు విసిరారు. గెలిచాడు. ఆ తర్వాత మరో ఎనిమిదిసార్లు గెలిచాడు.

ఈ రోడ్డుకు మనతో ఒక చుట్టరికం ఉంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ రేవు చేరింది. చెరుకు తోటల్లో ఒప్పందం మీద పని చేయడానికి వచ్చిన మొదటి భారతీయ కూలీలు అందులో ఉన్నారు. 1911 దాకా అలా దాదాపు లక్షా యాభై రెండు వేల మంది వెళ్లారు. వాళ్లలో విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు ఎందరో. ఈ పేజీ చదివే బరంపురం వైపు కుటుంబాల్లో, చిత్తూరు సరిహద్దు కుటుంబాల్లో ఆ ఓడలెక్కిన మనుషులు ఉండే ఉంటారు. గాంధీని రైలు నుంచి దింపేసిన పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషను కూడా ఈ పందెం ఊళ్లలోదే. అక్కడి తెలుగువాళ్లు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. భాష మాత్రం ఇళ్లలో నుంచి మెల్లమెల్లగా జారిపోయింది. ఇంటిపేర్లు, పెళ్లి తంతులు, రామభజనలు మిగిలాయి, మాటలు ఇంగ్లీషయ్యాయి. అయినా దక్షిణాఫ్రికా రాజ్యాంగంలో ఆరో సెక్షన్ తీసి చూడండి. గౌరవించి ప్రోత్సహించాల్సిన సమాజ భాషల్లో తెలుగు పేరు ఉంది. ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒక అక్షరం అటూ ఇటూ అయింది గానీ, ఉంది. లెక్కలో ఉండటం, లేకపోవడం అంటే ఏమిటో ఏటా హాజరు పట్టీలో తలలు లెక్కపెట్టుకునే మన బళ్లకు చెప్పక్కర్లేదు.

తల్లిదండ్రులకు ఒక మాట చెప్పి తీరాలి. ఈ కథ విని పిల్లల్ని పొద్దున్నే పది కిలోమీటర్లు తరమకండి. కామ్రేడ్స్‌లో ఇరవై ఏళ్లు నిండనివాళ్లని రానివ్వరు. అర్హతకు ముందుగా నిర్ణీత సమయంలో పూర్తి మారథాన్ చేసి చూపించాలి. అయినా ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. నీళ్లు తాగకపోవడం ఎంత ప్రమాదమో, భయపడి మరీ ఎక్కువ తాగేస్తే రక్తంలో సోడియం పలచబడి పడిపోవడమూ అంత ప్రమాదమని లోకానికి తెలిసింది ఇలాంటి పందేల్లో పడిపోయినవాళ్లను పరీక్షించిన డాక్టర్ల వల్లే. ఒడిశా పాఠకులకు బుధియా సింగ్ గుర్తుండే ఉంటాడు. 2006లో నాలుగేళ్ల పిల్లవాడిని పూరీ నుంచి భువనేశ్వర్‌కు 65 కిలోమీటర్లు పరుగెత్తించారు. దేశమంతా చప్పట్లు కొట్టింది. తర్వాత ప్రభుత్వం కలగజేసుకుని దూరపు పరుగులు ఆపించింది. ఆపించడమే న్యాయమని మా అభిప్రాయం. ఓర్పు పెద్దవాళ్ల ఆట.

ఎంత పెద్దవాళ్లదో వాలీ హేవర్డ్ చూపించాడు. 1930లో ఈ పందెం గెలిచాడు. ఇరవై ఏళ్ల తర్వాత 1950లో తిరిగి వచ్చి మళ్లీ గెలిచాడు, ఇంకా మూడుసార్లు గెలిచాడు. 1988లో 79 ఏళ్ల వయసులో మళ్లీ వచ్చి పూర్తి చేశాడు. మరుసటి ఏడాది 80 ఏళ్లకు ఇంకోసారి. అప్పట్లో గడువు పదకొండు గంటలే. గీత దాటేసరికి రెండు నిమిషాలు కూడా మిగల్లేదు. ఈ రెండో పరుగే మా పిల్లలకు ఎక్కువ నచ్చింది, గెలిచిన అయిదూ కాదు.

ఇక ఆ చివరి పది నిమిషాలు. స్టేడియం నిండా జనం. గడియారం పన్నెండు గంటల వైపు పోతోంది. ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసుకుని వచ్చేవాళ్లు, కాళ్లు తిమ్మిరెక్కి ఈడ్చుకుంటూ వచ్చేవాళ్లు. గీత దగ్గర ఒక అధికారి తుపాకీ పట్టుకుని నిలబడతాడు. వచ్చేవాళ్లకు వీపు చూపిస్తూ నిలబడతాడు. ఎవరొస్తున్నారో, ఎంత దూరంలో ఉన్నారో చూడకూడదు. చూస్తే మనసు మెత్తబడుతుంది కదా. పన్నెండు గంటలు నిండగానే పేల్చేస్తాడు. గీతకు అడ్డంగా మనుషులు నిలబడిపోతారు. ఒక్క సెకను ఆలస్యమైనవాళ్లకు పతకం లేదు, ఫలితాల్లో పేరు లేదు. తొంభై కిలోమీటర్లు వచ్చి అడుగు దూరంలో ఆగిపోయినవాళ్లు ఏటా ఉంటారు.

వీడియో ఆపేశాక తరగతి గోలగోలైంది. ఎనిమిదో తరగతి కుర్రాడొకడు, "ఒక్క సెకనే కదా సార్, వదిలెయ్యొచ్చుగా" అన్నాడు. "వాడిని వదిలితే వాడి వెనకున్నోడు?" అంది ఇంకో అమ్మాయి. "వాడినీ వదిలెయ్యాలి." "మరి పొద్దున్నే లేచి ప్రాక్టీసు చేసి సరిగ్గా టైముకొచ్చినోడో?" అలా బెల్లు కొట్టేదాకా సాగింది. మమ్మల్ని తీర్పు చెప్పమన్నారు. చెప్పలేకపోయాం. ఆ తుపాకీ క్రూరంగానే ఉంది. అది లేకపోతే పన్నెండు గంటలకు విలువ లేదన్నదీ నిజమే. చెరువు గట్టు అమ్మాయి ఇప్పుడు ఎనిమిదిలో ఉంది. ఆ వాదన అంతసేపూ నోరు విప్పలేదు. పోతూ పోతూ మాత్రం, "వాళ్లకి గీత కనబడుతుంది కదా సార్" అంది.

వచ్చే జనవరికి పరుగు మళ్లీ పెడుతున్నాం. అదే గట్టు, అదే రెండు కిలోమీటర్లు. మొదటి ముగ్గురికి బహుమతులు ఉంటాయి, అవి తీసేస్తే పెద్దలు ఊరుకోరు. కానీ ఇరవై అయిదు నిమిషాల లోపు గీత దాటిన ప్రతి ఒక్కరి పేరూ పుస్తకంలో రాస్తాం, వచ్చిన సమయంతో సహా. గీతకు సున్నం బదులు ఇటుకలు పేరుస్తాం. నెమ్మదిగా వచ్చేవాళ్లతో కలిసి పరుగెత్తడానికి తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు డ్రైవర్లుగా ఒప్పుకున్నారు. సగం దూరంలో మజ్జిగ, ఆఖర్లో ఉప్పు చల్లిన ఉడికిన బంగాళాదుంపలు. కామ్రేడ్స్ బల్లల మీద అవే ఉంటాయట, ఆ ఆలోచన పిల్లలదే. ఇప్పటికి 46 మంది పేర్లిచ్చారు.

ఒక్క పని మాత్రం ఇంకా ఎవరికీ అప్పజెప్పలేదు. ఇరవై అయిదో నిమిషానికి, గట్టు వైపు వీపు పెట్టి ఈల ఊదే మనిషి కావాలి. డ్రిల్లు మాస్టారు వల్ల కాదన్నారు. హెడ్మాస్టరుగారు ఆ రోజు అతిథులను చూసుకోవాలన్నారు. మాలో మిగిలినవాళ్లం ఒకరి ముఖాలు ఒకరం చూసుకుంటున్నాం.